గంగాళంలో పరిగె పిల్లలు

నేను ఒక రాగి గంగాళాన్ని. మొదటిసారి పొయ్యెక్కింది 1974 ఫిబ్రవరి పదో తేదీన. పెడనలో కాలువ గట్టున ఉన్న అద్దకం షెడ్డులో ఆ రోజు అందరూ అరిటాకుల్లో ముద్దపప్పు, దోసావకాయ, చివర్లో బెల్లం పరమాన్నం తిన్నారు. పరమాన్నం నాలోనే వండుదామని ఆడవాళ్లు ముచ్చటపడ్డారు గానీ నన్ను చేసిన కంచరి ఒప్పుకోలేదు. వంటగిన్నెలకు లోపల పూసే తగరపు కళాయి నాకు లేదు. రంగులు కాచే గిన్నెకు అది అక్కర్లేదు. కాబట్టి వాళ్లు పరమాన్నం తింటుంటే నేను ఎర్రరంగు కోసం మంజిష్ఠ వేర్లు ఉడికించుకుంటూ కూర్చున్నాను.

నా మొదటి యజమాని కోటిలింగం గారు. పొద్దున్నే నన్ను చింతపండుతో తోమించి, లోపలికి తొంగిచూసి, తన మొహం కనబడితేనే పనిలో దించేవారు. ఆయన పోయాక షెడ్డు కొడుకు భావన్నారాయణ చేతికి వచ్చింది. దాంతోపాటే రసాయన రంగులూ, స్టీలు తొట్లూ వచ్చాయి. నన్ను మూలన బోర్లించారు. కోడి నా మీద ఎండ కాచుకుంది, పిల్లలు డప్పు వాయించారు. ఎన్నికలప్పుడు ఒకాయన నా మీదికెక్కి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. నా వీపు మీద నుంచి అన్ని వాగ్దానాలు వెళ్లాయంటే నాకిప్పటికీ కాస్త గర్వమే.

మూలనుంచి చూస్తే కాలువ కనబడేది. ఒకరోజు నీలంగా, మరోరోజు ఎర్రగా పారేది. దాన్ని చూసి ఆ ఏడు పట్నంలో ఏ రంగుకు గిరాకీ ఉందో ఊరు చెప్పుకునేది. భావన్నారాయణ చెడ్డవాడు కాదు. పనివాళ్లకు జ్వరమొస్తే తనే ఆసుపత్రికి తీసుకెళ్లేవాడు. షెడ్డు గోడ దాటిన నీళ్లు మాత్రం తనవి కావని అనుకునేవాడు, అంతే.

కాలువలో చేపలు పట్టి ఇంటింటికీ అమ్మే నాంచారమ్మ ఒకనాడు తట్ట దించి అడిగేసింది.

"ఏవండీ బాబుగారూ, అమ్మగారు ఈమధ్య చేపలు చూసినప్పుడల్లా ఇయి కాలవ చేపలా, చెరువు చేపలా అని అడుగుతన్నారు. కాలవయ్యంటే మొకం తిప్పేసుకుంటన్నారు. మీరు తినని చేప ఊరోళ్లు తినాలాండీ?"

 ఆ మాట భావన్నారాయణను చాలాకాలం వదల్లేదు. చివరికి షెడ్డు వెనక పెద్ద గొయ్యి తవ్వించి, సున్నం, ఇసుక, బొగ్గు పొరలు పోయించి, రంగునీళ్లన్నీ అందులోకి మళ్లించాడు. తేరిన నీళ్లు కాలువలోకి వదలడానికి ఒక తూము పెట్టించాడు.

అప్పుడే హైదరాబాదు నుంచి ఎన్నడూ రానంత పెద్ద ఆర్డరు వచ్చింది. వారం తిరక్కుండానే గొయ్యి నిండిపోయింది. తూము ఎత్తితేగాని పని సాగదు. పరీక్ష చెయ్యమని పట్నం పంపిన గోతి నీళ్ల సంగతి ఇంకా తేలలేదు.

"రంగు పోయింది కదండీ, కొబ్బరినీళ్లలాగున్నాయి. ఎత్తేద్దాం," అన్నాడు పెద్ద పనివాడు మస్తాను.

"అయితే ఓ లోటాడు తాగి చూపించు," అంది అటుగా పోతున్న నాంచారమ్మ.

"నేనెందుకు తాగుతానమ్మా, నాకు టీ అలవాటు."

"ఎవరూ తాగొద్దులే. చేపని అడుగుదాం," అని క్యానులో పరిగె పిల్లల్ని తెచ్చింది.

వాటిని వెయ్యడానికి వెడల్పాటి గిన్నె కావాలి. భావన్నారాయణ కళ్లు నా మీద పడ్డాయి. ఇన్నేళ్లకు నన్ను తిప్పి నిలబెట్టారు, చింతపండుతో తోమారు. "నాన్నగారి గంగాళం, మంచి శకునం," అంటూ ఆయనే గోతి నీళ్లు నింపి చేపల్ని వదిలాడు. నా ఒంటి గుణం నాకు తెలుసు. చెప్పడానికి నోరేది? ఉన్న నోరంతా వెడల్పే.

తెల్లారేసరికి పరిగె పిల్లలన్నీ వెల్లకిలా తేలాయి.

భావన్నారాయణ నా అంచు పట్టుకుని లోపలికి చూశాడు. తర్వాత హైదరాబాదుకు ఫోను చేసి, నీళ్లు బాగుపడేదాకా పని ఆపుతున్నాననీ, సరుకు గడువుకు అందదనీ చెప్పేశాడు. అవతల ఏమన్నారో గానీ, ఫోను పెట్టేశాక ఆయన మొహం నాలో చిన్నదిగా కనబడింది. ఆర్డరులో సగం మరొకరికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆయన భార్య తులసమ్మ పుట్టింటి నుంచి వచ్చి, సంగతి విని, నా వంక చూసి తల పట్టుకుంది.

"కళాయి లేని రాగిలో పెరుగు తోడుపెడితేనే కిలుము పట్టి విషమవుతుంది. చేపల్ని వేశారా? ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదా?"

మస్తాను మొహం వెలిగింది. "అంటే మన నీళ్లు మంచియ్యేనండీ. ఎత్తేద్దామా?"

భావన్నారాయణ తూము దాకా వెళ్లాడు, దాని మీద చెయ్యి కూడా వేశాడు. ఎత్తితే మిగిలిన సగం ఆర్డరైనా గడువుకు దక్కుతుంది. చుట్టూ కాదనే వాళ్లు లేరు.

"రాగి చంపుతుందని తెలిసింది మస్తానూ," అన్నాడు చెయ్యి తీసేస్తూ. "నీళ్లు చంపవని తెలిసిందా?"

"ఈ చేపలకున్న మర్యాద మాకు లేదండీ," అని గొణుగుతూనే మస్తాను వెళ్లి పశువుల కొట్టంలోంచి మట్టి గోలెం దొర్లించుకొచ్చాడు. నా పక్కనే పెట్టి గోతి నీళ్లు నింపాడు. నాంచారమ్మ మళ్లీ చేపలు తెచ్చింది. ఈసారి ఎవరూ శకునం మాట ఎత్తలేదు. తులసమ్మ పోతూ పోతూ నన్ను తట్టి, "పాపం, దీన్నెందుకులే అనడం," అంది. తోమిన చేతులకన్నా ఆ చెయ్యి నాకు హాయిగా తగిలింది.

మర్నాడు గడిచింది. ఆ పైరోజు సాయంత్రం హైదరాబాదు గడువు కూడా దాటిపోయింది. వెలుగు తగ్గుతున్న వేళ భావన్నారాయణ ఒక్కడే వచ్చి గోలెం ముందు గొంతుక్కూర్చుని, నాలుగు మెతుకులు చల్లాడు. నీళ్లు కదిలాయి. ఒక పరిగె పైకొచ్చి మెతుకు అందుకుని పోయింది. దాని వెనకే మిగతావన్నీ వచ్చాయి. ఆయన నోరు తెరిచి నవ్వలేదు గానీ, మెతుకులు మాత్రం మళ్లీ చల్లాడు.

"బతికున్నాయి కదండీ. ఇప్పుడైనా ఎత్తనా?" అడిగాడు గుమ్మంలోంచి మస్తాను.

"పొద్దున నాంచారమ్మను రానీ. ఆ కాలువ మీద బతికేది ఆవిడ. చూసుకుని సరేనంటే అప్పుడు ఎత్తుదువుగాని."

ఇద్దరూ బయటికి నడిచారు. షెడ్డు తలుపు ఎప్పుడూ ధడాలున పడేది. ఆ సాయంత్రం ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, చేపలు బెదరకుండా, మెల్లగా దగ్గరికి వేశాడు.