గీత పడని కారు

పగిలిన కార్లు చూసి బతికే మనిషి సొంత కారు కొనుక్కోలేదంటే అందులో వింతేమీ లేదు. గుద్దుకున్న ప్రతి కారు దగ్గరికీ వెళ్ళి, చుట్టూ తిరిగి, వంగి, అవసరమైతే కింద పాకి, ఏ దెబ్బకు ఇన్సూరెన్సు కంపెనీ డబ్బివ్వాలో, ఏ దెబ్బకు ఇవ్వనక్కర్లేదో రాసి పంపడం అతని ఉద్యోగం. కోడిగుడ్డుకు ఈకలు పీకడంలో అతన్ని మించినవాడు లేడని కంపెనీలో పేరు. దాన్ని అతను పొగడ్త కిందే జమకట్టుకున్నాడు. ఇంట్లోనూ అదే తీరు. కొత్త కుర్చీ కొంటే తను దాని కింద దూరి చూసేదాకా ఎవర్నీ కూర్చోనివ్వడు. అందుకే భార్య కూడా అతన్ని "మా సర్వేయరు గారు" అంటుంది. పక్కింటివాళ్ళకూ అదే అలవాటైంది.

అలాంటి సర్వేయరు ఒకరోజు పొద్దున్నే అద్దె కారు కోసం బయల్దేరాడంటే, అది అక్క కోసం.

అతను పాకే వయసులో తల్లి పోయింది. తండ్రి ఉప్పు మడుల్లో మేస్త్రీ. పొద్దున వెళితే మళ్ళీ పొద్దుగూకాకే ఇంటికొచ్చేవాడు. తానింకా గౌన్లేసుకునే పిల్ల అయి ఉండి, అక్కే తమ్ముణ్ణి చంకనెత్తుకుని మడుల గట్ల మీద తిప్పింది, ముద్దలు తినిపించింది, జ్వరమొస్తే తెల్లవార్లూ కూర్చుంది. తండ్రి పోయాక పట్నానికి వచ్చి, కుట్టుమిషను తొక్కి చదివించింది. ఆ మిషనే అక్క కళ్ళను తినేసిందని సర్వేయరు నమ్మకం. కాదయ్యా, ఇది కంటి లోపలి పొరకు వచ్చిన జబ్బు, కుట్టుకీ దీనికీ సంబంధం లేదని డాక్టరు ఎంత చెప్పినా అతను చెవిన వేసుకోలేదు.

"ఉన్న చూపు ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనమ్మా. చూడాలనుకున్నవేమైనా ఉంటే వాయిదా వేసుకోకండి" అన్నాడు డాక్టరు.

ఆసుపత్రి మెట్లు దిగుతూ అక్క ఒక్కటే అడిగింది. "ఉప్పు మడులు చూపించరా. వానలు రాకముందే వెళదాం. నీళ్ళకి రంగొచ్చే రోజులు కదా."

వేసవి ముదిరేకొద్దీ మడుల్లో నీళ్ళు చిక్కబడతాయి. ఉప్పు పేరుకునే ముందు కొన్నాళ్ళపాటు గులాబీ రంగుకు తిరుగుతాయి. గట్టిగా ఒక వాన కురిస్తే చాలు, ఆ రంగు కాస్తా పోతుంది. పట్నానికి వచ్చాక అక్క మళ్ళీ అటు వెళ్ళనే లేదు. తమ్ముడి చదువు, తమ్ముడి ఉద్యోగం, తమ్ముడి పెళ్ళి, ఎప్పుడూ ఏదో ఒకటి అడ్డం వచ్చింది.

అక్కనూ భార్యనూ వెంటబెట్టుకుని అద్దె కార్ల ఆఫీసుకు వెళితే, కౌంటరు వెనక ఒక అమ్మాయి కూర్చుని ఉంది. కాగితాలు ముందుకు జరిపి చక్కగా వివరించింది.

"మామూలు ఇన్సూరెన్సు అద్దెలోనే కలిపి ఉంటుంది సార్. కానీ అందులో టైర్లు, అద్దాలు, కారు అడుగుభాగం రావు. కంకర రోడ్ల మీద ఏం జరిగినా రాదు. ఫుల్ కవర్ తీసుకుంటే అన్నీ వస్తాయి. ఇంతకీ ఎక్కడికి వెళ్తున్నారు?"

"ఉప్పు మడులకమ్మా" అంది అక్క, తమ్ముణ్ణి దాటి ముందుకొచ్చి మరీ. పెళ్ళికి వెళ్తున్నంత సంబరంగా ఉందామె ముఖం.

"అయితే తీసుకోండి సార్. అటు చివర్న అంతా కంకర గట్టే."

సర్వేయరు నవ్వాడు. ఆ నవ్వు చూసి భార్యకు అర్థమైపోయింది, ఇక ఈయన ఆగడని.

"చూడమ్మా, నువ్వు అమ్మేదాన్ని ఎగ్గొట్టడమే నా ఉద్యోగం. రేపు నిజంగా ఏదైనా అయిందనుకో, నాలాంటివాడొకడు వస్తాడు. డ్రైవరు అజాగ్రత్త వల్ల జరిగింది, చెల్లదు అని రాసి చక్కా పోతాడు. అలా నేను రాసినన్ని ఈ ఊళ్ళో ఇంకెవరూ రాసి ఉండరు. నాకే టోపీ పెడదామనా?"

వెనక వరసలో ఉన్నవాళ్ళు చెవులు రిక్కించి వింటున్నారు. అది అతనికి మహా బాగుంది. నిజం చెప్పాలంటే అక్కడ డబ్బు గొడవే లేదు. అంతకంటే ఎక్కువ సొమ్ము అతను పోయిన వారం చెప్పుల జతకు పోసి, అవి కరుస్తున్నాయని మూలన పడేశాడు. ఇన్నాళ్ళకు తన తెలివి నలుగురి ముందూ చూపించుకునే అవకాశం దొరికింది, అంతే. వదులుకోబుద్ధి కాలేదు.

"తీసుకుంటే పోయేదేముందండీ" అంది భార్య.

"నీకు తెలీదు, ఊరుకో."

అక్క చేతిసంచీ తెరిచి చిన్న పర్సు తీసింది. "ఆ కాస్తా నేనిస్తాలేరా. తీసేసుకో, నిశ్చింతగా తిరగొచ్చు."

ఆ మాట మరీ గుచ్చుకుంది. "నేనుండగా నువ్విచ్చేదేంటక్కా? అనవసరం కాబట్టి వద్దంటున్నాను. జాగ్రత్తగా నడిపేవాడికి ఇవన్నీ ఎందుకు?"

అక్క పర్సు మూసి సంచీలో పెట్టేసుకుంది. సర్వేయరు "వద్దు" అన్నచోట సంతకం చేశాడు, అదీ పొడుగ్గా, కింద గీత కూడా లాగి.

సంతకమైతే పెట్టాడు గానీ, ఆ క్షణం నుంచీ కారు అతని నెత్తినెక్కి కూర్చుంది. లారీ పక్కనుంచి వెళితే భుజాలు ముడుచుకున్నాడు, తన భుజాలు ముడిస్తే కారు కూడా సన్నబడుతుందన్నట్టు. చెట్టు కింద ఆపుదామంటే కొమ్మ విరిగి పడుతుందన్నాడు. ఎండలో ఆపుదామంటే రంగు పోతుందన్నాడు. "ఇందాక దాటిపోయిన సైకిలాయన వెనక్కి తిరిగి మనల్ని చూసి జాలిపడ్డాడండీ" అని వెనక సీట్లోంచి భార్య వేళాకోళమాడింది. ముందు సీట్లో అక్క ముఖాన్ని అద్దానికి ఆనించినంత దగ్గరగా పెట్టుకుని కబుర్లు చెబుతోంది. చిన్నప్పుడు తమ్ముడు ఉప్పుగడ్డను చక్కెర అనుకుని నోట్లో వేసుకుని, ఉమ్మేసి, ఏడ్చి, మళ్ళీ అదే గడ్డ కావాలని మారాం చేశాడట. సర్వేయరు "ఊఁ" అన్నాడు. నిజానికి ఒక్క ముక్క వినలేదు. కళ్ళలో వత్తులేసుకుని రోడ్డు మీది గతుకులు చూస్తున్నాడు. ఆ కబురు తరవాతెప్పుడో భార్య చెబితే తెలిసింది.

తారురోడ్డు అయిపోయింది. ఎదురుగా కంకర గట్టు. సర్వేయరు కారు ఆపి దిగాడు. పిడికెడంత రాళ్ళు, కొన్నిటికి కత్తుల్లాంటి అంచులు. చక్రాల గాడిలో ఉప్పునీళ్ళు నిలిచి ఉన్నాయి. అతని బుర్రలో కలం దానంతటదే రాయడం మొదలుపెట్టింది. కంకర రోడ్డు మీద నడిపినందున చెల్లదు. అడుగుభాగానికి ఉప్పునీరు తగిలినందున చెల్లదు. ముందే తెలిసి వెళ్ళినందున అసలే చెల్లదు. ఇన్నేళ్ళూ ఎదుటివాళ్ళ మీద రాసిన మాటలన్నీ వరసకట్టి తన మీదికే వచ్చాయి.

"ఏమైందిరా?" అంది అక్క, కారులోంచే.

"రోడ్డు బాగాలేదక్కా."

"ఇది ఎప్పుడు బాగుంది గనక?" అని నవ్వి, అక్క తలుపు తీసుకుని దిగింది. "పోనీ నడిచి వెళదామా?"

వదిన చెయ్యి పట్టుకుని భార్య నడిపించబోయింది. కాస్త దూరం వెళ్ళేసరికే ఒక రాయి అక్క కాలి కింద దొర్లింది, మడమ మడత పడింది. అడుగు ఎక్కడ వేస్తున్నదీ ఆమెకు కనిపించడం లేదు. ఇక నడక కుదిరేపని కాదని ముగ్గురికీ తెలిసిపోయింది.

"ఏమైతే అయింది, కారు పోనివ్వండి" అంది భార్య. "గీత పడితే పడుతుంది. మెల్లగా పోదాం."

"గీతతో పోతుందా? కింద రాయి తగిలి ఆయిల్ పెట్టె పగిలిందంటే ఎవడిస్తాడు? నీకేం, నోటికొచ్చినట్టు అంటావు!"

"కౌంటరు దగ్గర ఆ అమ్మాయి చెప్పింది ఇదేగా?"

సర్వేయరు ముఖం ఎర్రబడింది. అలాంటప్పుడు మొగవాళ్ళు ఏం చేస్తారో అతనూ అదే చేశాడు, గొంతు పెంచాడు. వాళ్ళిద్దరి మధ్యా అక్క కల్పించుకుంది.

"పోనీలేరా. ఎవరిదో కారు. దానికేమైనా అయితే నీకు మాటొస్తుంది. ఇంకోసారి జీపు మాట్లాడుకుని వద్దాంలే, ఇప్పుడేం ముంచుకుపోయింది?"

ఎప్పుడెప్పుడు ఆ మాట అంటుందా అని కాచుకున్నట్టు అతనికి ప్రాణం లేచొచ్చింది. "అదేనక్కా, వచ్చేవారమే వద్దాం" అన్నాడు. అప్పటికప్పుడు డాక్టరు మాట అతనికి గుర్తులేక కాదు. గుర్తుంది. గుర్తుండే అన్నాడు.

అక్క కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని దూరంగా చూసింది. "అదిగో, తెల్లగా కనబడుతోందే, అవేనా మన మడులు?"

ఆమె చెయ్యి చూపించిన వైపు ఉన్నది సున్నం కొట్టిన గోడౌను గోడ. మడులు ఆ గట్టు మలుపు తిరిగాక ఎక్కడో ఉన్నాయి. ఇక్కడికి కనబడవు.

"అవునక్కా, అవే."

"రంగు తెలియట్లేదురా. తెల్లగానే ఉంది."

"ఇంకా రంగు రాలేదేమో."

అక్క ఆ గోడ వంకే తృప్తిగా చూస్తూ చాలాసేపు నిలబడింది. భార్య ముఖం అటు తిప్పుకుంది. వెనక్కి తిరిగారు. కారు మాత్రం హాయిగా నడిచింది.

ఆఫీసులో ఆ అమ్మాయి కారు చుట్టూ తిరిగి చూసి ఆశ్చర్యపోయింది. "ఒక్క గీత కూడా లేదు సార్. ఇంత శుభ్రంగా తిరిగొచ్చిన కారు ఈ మధ్య నేను చూళ్ళేదు."

ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాడు గానీ, అతనికంటే ముందు అక్కే అంది. "మా తమ్ముడు చిన్నప్పట్నించీ అంతేనమ్మా, చాలా జాగ్రత్తపరుడు." అందులో వెటకారం ఇసుమంతైనా లేదు. ఉండి ఉంటే అతను ఇంకాస్త తేలిగ్గా ఊపిరి పీల్చుకునేవాడు.

వచ్చేవారం జీపతను వేరే ఊరు వెళ్ళాడు. ఆ పైవారం కంపెనీలో పని మీదపడింది. ఆ తరవాత వాన కురిసింది, ఆ ఏడు కాస్త ముందుగానే. ఇంకేముంది, మడుల రంగు కరిగిపోయి ఉంటుంది. వచ్చే వేసవికి చూద్దామనుకున్నారు. వానాకాలం మధ్యలో ఒకరోజు బాగా ఎండ కాసింది. అక్క గుండీల డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళి, "ఇవాళ మరీ ఇంత మబ్బేమిటే?" అని మరదల్ని అడిగింది. మరదలు వచ్చి చూసేసరికి ఆమె ముఖం నిండా ఎండ పడుతోంది.

డాక్టర్లు చెయ్యగలిగింది చేశారు. చూపు తిరిగి రాలేదు. సర్వేయరు ఆసుపత్రి వరండాలో నలుగురూ చూస్తుండగానే కుళ్ళికుళ్ళి ఏడ్చాడు. ఆనాటి కారు గురించి భార్య ఒక్కమాట కూడా దెప్పలేదు. దెప్పినా బాగుండేది, ఎదురు చెప్పి గొడవపడేవాడు. ఇప్పుడు గొడవపడటానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. గోడౌను గోడను చూపించి "అవే" అన్నాడే, ఆ మాట మాత్రం రాత్రీపగలూ అతన్ని పీక్కుతింది. కనీసం నిజం చెప్పి ఉంటే ఆమె పట్టుబట్టేదేమో. మొండికేసి కారెక్కి కూర్చునేదేమో. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

మళ్ళీ వేసవి వచ్చింది. నీళ్ళకు రంగు తిరిగిందని తెలియగానే సర్వేయరు కారు తీసుకొచ్చాడు. కౌంటరు అమ్మాయి అతన్ని గుర్తుపట్టలేదు. ఫుల్ కవర్ గురించి వివరించబోతుంటే, "చెప్పక్కర్లేదమ్మా, తీసుకుంటాను" అన్నాడు.

ఈసారి గట్టు దగ్గర ఆగలేదు. రాళ్ళు అడుగున టపటపా కొట్టాయి, ఉప్పునీళ్ళు తలుపుల మీదికి చిమ్మాయి. అక్క రెండు చేతులతో సీటు గట్టిగా పట్టుకుంది. పెద్ద రాయి ఒకటి తగిలి కారు అదిరింది.

"మెల్లగారా, ఎవరిదో కారు!"

"ఇన్సూరెన్సుందక్కా. ఏమైనా కానీ, మనకేం పోదు."

"ఉందా?" అక్క చేతులు సీటు వదిలాయి. "హమ్మయ్య, ముందే చెప్పొద్దూ! రాయి తగిలినప్పుడల్లా, ఇక వెనక్కి తిప్పేస్తావేమోనని ఒకటే భయంగా కూర్చున్నాను."

సర్వేయరు గేరు మార్చి కారును ముందుకే పోనిచ్చాడు. వెనక సీట్లో భార్య కొంగుతో కళ్ళొత్తుకుంది.

గట్టు మలుపు తిరగ్గానే మడులు కనిపించాయి. నీళ్ళన్నీ గులాబీ రంగు. చూపు ఆనినంత మేరా అదే. ఇంత ఉంటుందని అతను ఊహించలేదు. చంకలో ఉన్నప్పుడు ఎన్నిసార్లు చూశాడో, ఒక్కటీ గుర్తులేదు. చెయ్యి పట్టుకుని అక్కను దించి, గట్టు అంచుకు నడిపించాడు.

"రంగొచ్చిందా?"

"వచ్చిందక్కా."

"ఎలాంటి రంగు? గులాబీ అంటే ఎన్ని లేవు! పసిపిల్లల గౌన్లకి వేస్తామే, ఆ దారం రంగా? ఇంకాస్త ముదురా?"

ఏ కారు రంగైనా ఒక్క చూపులో చెప్పగల మనిషి తడుముకున్నాడు. లేతగా ఉందక్కా, అన్నాడు. కాదు, దూరానికి ముదురుగా ఉంది. ఎండ పడ్డచోట వేరేగా ఉంది. పక్కకు చూస్తే అక్క ముఖం ఎండిన గట్టు వైపుకి ఉంది. ఎంతో శ్రద్ధగా అటే చూస్తోంది.

భుజాలు పట్టుకుని ఆమెను మెల్లగా మడుల వైపు తిప్పాడు.

"ఇటా?" అంది. "ఇప్పుడు సరిగ్గా నిలబడ్డానా?"

"నిలబడ్డావక్కా."

అక్క కళ్ళు పెద్దవి చేసుకుని, ఆ నీళ్ళకేసి చూస్తూ నిలబడింది.