దేవుడి గది ఉన్న చోటు

వందేళ్ళ నాటి ఆ మేడకి పెద్దకోడలు కొత్త హంగులన్నీ చేయించి అమ్మకానికి పెట్టింది. ఒక్క మార్పు మాత్రం అమ్మకం కోసం చేసింది కాదు. అత్తగారు పైనున్న బాత్‌రూమ్‌కి మెట్లెక్కలేని రోజుల్లో కోడలు కింద ఉన్న దేవుడి గదినే బాత్‌రూమ్‌గా మార్పించింది. “నన్ను మోస్తూ నీ నడుం విరగ్గొట్టుకోకు. దేవుడు గూట్లో సర్దుకుంటాడులే,” అని అత్తగారే అంది. అయినా పోయేదాకా, లోపలికి వెళ్ళేముందు ప్రతిసారీ గుమ్మం దగ్గర చేతులు జోడించేది.

ఇవాళ ఇల్లు చూడ్డానికి వచ్చిన పెద్దావిడ, కర్ర ఊతంగా తిరిగి తిరిగి, ఆ బాత్‌రూమ్ చూసి మురిసిపోయింది.

“ఇదుంటే నాకు ఎవరి సాయమూ అక్కర్లేదమ్మా. ఇంతకీ దేవుడి గదేదీ?”

బ్రోకరు చెప్పొద్దని కళ్ళతోనే సైగ చేశాడు. ఈ బేరమూ తప్పితే ఇక మేడని పడగొట్టేవాళ్ళకే ఇవ్వాలి.

“ఇదేనండీ,” అంటూ కోడలు జరిగిందంతా చెప్పింది.

పెద్దావిడ ఆ గుమ్మం నుంచి వెనక్కి జరిగింది. “నువ్వు తప్పు చేశావనను తల్లీ. నా మనసే ఒప్పుకోదు,” అని కోడలి తల నిమిరి వెళ్ళిపోయింది.

“నోటిదాకా వచ్చిన కూడు నేలపాలు చేశారు! దేవుణ్ణి పెట్టిన ఆ గూడు చూపిస్తే పోయేదిగా?” అని బ్రోకరు నెత్తి కొట్టుకున్నాడు.

“రేపెవరైనా ఇది దేవుడి గదని చెబితే, ఆవిడ రోజూ ఆ నీళ్ళ కింద ఎలా నిలబడుతుంది బాబూ?”

అత్తగారికి అడ్డురాని దేవుడు ఈవిడకెందుకు అడ్డొచ్చాడో కోడలికి అర్థం కాలేదు. గోడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

“ఆ పడగొట్టేవాళ్ళకే కబురు పెట్టు,” అంది చివరికి. “ఈ గది తలుపులు మాత్రం పగలగొట్టకుండా విప్పమను.”