బురద బట్టలు రెండు జతలు

"ఉప్మాలో జీడిపప్పు కాస్త ధారాళంగా వెయ్యవోయ్. పాపం, సేవకొచ్చేవాళ్లు కదా!"

ఆ మాట అనేసి సాయిరాం చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. రవ్వ వేయిస్తున్న శ్రీకళకి నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది. ఆదివారం ఆదివారం ఊరి కాలువలో గుర్రపుడెక్క పీకే బృందానికి ఆయనే నాయకుడు. ఆ కలుపు కాలువంతా కప్పేసి మన కలువల్ని బతకనివ్వడం లేదని కాలేజీలో పాఠం చెప్పినంత శ్రద్ధగా అందరికీ చెబుతాడు. వాళ్లు పీకితే సేవ. వాళ్లందరికీ తను వండి పంపి, ఆయన బురద ప్యాంటు ఉతికితే మాత్రం ఇంటిపని. పోయిన వారం "నేనూ రానా అండీ?" అని అడిగితే, "నువ్వొస్తే టిఫిను ఎవరు చేస్తారు?" అన్నాడు, నిజంగానే తెలియనట్టు. కాట్రేనికోనలో కాలువలు ఈది పెరిగిన పిల్ల తను. పెళ్లయ్యాక నీళ్లంటే అంట్లు తోముకునే నీళ్లే అయ్యాయి. ఒక్కసారి ఆ కాలువలో దిగాలని ఆమెకి ఎంత ఆశో!

ఆ రోజు టిఫిను తీసుకెళ్లే ఆటో రాలేదు. గిన్నె స్కూటీ మీద పెట్టుకుని తనే బయల్దేరింది. నడుంలోతు నీళ్లలో అందరూ వరసగా నిలబడి, పీకిన డెక్కని చేతులు మార్చి గట్టుకి చేరేస్తున్నారు. వరసలో ఒక చోటు ఖాళీ. నాయకుడుగారు ఫోటోలు తీయడానికి గట్టెక్కారు.

శ్రీకళ గిన్నె ఆయన పక్కన దించింది. కుచ్చెళ్లు పైకి దోపుకుని ఆ ఖాళీలోకి దిగిపోయింది. చల్లటి బురద కాలివేళ్ల మధ్యకి జారగానే ప్రాణం లేచొచ్చింది.

"శ్రీకళా! ఉప్మా చల్లారిపోతుందోయ్!"

"ఆయ్, మీరు వడ్డించేయండి. సేవే కదండీ!"

వరసలో ఒకరిద్దరు కిసుక్కున నవ్వారు. పక్కనున్న బుల్లిరాజు "బరువుగా ఉందమ్మా, జాగ్రత్తండీ" అంటూ డెక్క అందించాడు. ఎండెక్కేసరికి చాపంత మేర నీళ్లు తేటపడ్డాయి. అక్కడ వాడిన ఆకుల మధ్య ఒక కలువ మొగ్గ. "కలువండీ! కలువ!" అని శ్రీకళ చిన్నపిల్లలా అరిచింది. సాయిరాం గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు.

ఇంటికొచ్చాక ఆమె తన బట్టలు ఉతికి ఆరేసుకుంది. ఆయనవి బకెట్లోనే ఉన్నాయి. తీగ మీద ఒక్క చీరే ఆడుతుండటం సాయిరాం చూశాడు గానీ సంగతి బుర్రకెక్కలేదు. అలవాటుగా అడిగాడు:

"వచ్చే ఆదివారం టిఫినేంటోయ్?"

"మీరేం చేస్తే అదే తింటానండీ" అంది శ్రీకళ, జుట్టు విదిలించుకుంటూ. "జీడిపప్పు మాత్రం ధారాళంగా వెయ్యండి."