గొట్టం రెండో కొస

పెరడు వాలుగా ఉంది. ఎగువన మోకాలెత్తు కడితే చాలు, దిగువన నడుమెత్తు లేపాలి. అప్పుడే చెక్క తొట్టి అంచు నాలుగు వైపులా ఒకే మట్టంలో ఉంటుంది. ఆయన భార్య పోయాక, ఆమె పెంచిన చేపలకి మేత వెయ్యడానికి అత్తగారు నేలమీది పాత తొట్టి దగ్గర వంగలేక వంగుతోంది. కొత్త తొట్టికి దిగువన నిలబడి వేస్తే ఇక వంగక్కర్లేదు.

కానీ ఆవిడ రేపు వెళ్ళిపోతోంది. కొడుకొచ్చి తీసుకెళ్తాడు. "కూతురే పోయాక నేను మీకేమవుతాను, అల్లుడుగారూ?" అని అడిగింది ఒకరోజు. ఉండిపొమ్మనడం చేతకాక ఆయన చెక్కలు కోయడం మొదలుపెట్టాడు.

మట్టం చూడ్డానికి నీళ్ళు నింపిన సన్నటి గొట్టం ఉంది. చెరో కొస పట్టుకుంటే రెండు కొసల్లోనూ నీళ్ళు ఒకే ఎత్తున నిలుస్తాయి. ఒక్కరివల్ల అయ్యే పని కాదు. ఇల్లు కట్టినప్పుడు రెండో కొస భార్య పట్టింది. ఇప్పుడు అత్తగారు పట్టింది.

గుర్తులు పెట్టి, చెక్కలు బిగించి, లోపల ప్లాస్టిక్ పట్టా పరిచి నీళ్ళు వదిలారు. దిగువ అంచు మీంచి నీళ్ళు కారిపోతున్నాయి. ఎగువన ఇంకా బెత్తెడు వెలితి.

"గొట్టం తప్పు చూపించదే," అన్నాడాయన.

"ఒలికిపోతాయని వేలితో మూసి పట్టుకున్నాను," అంది ఆవిడ మెల్లగా.

"వేలు తీస్తేనే నీళ్ళు కదులుతాయండీ."

"ముందే చెప్పొద్దూ? కాలేజీలో పిల్లలకీ ఇంతేనా, పరీక్ష అయ్యాక పాఠం చెప్పేవారా?"

ఆయనకి నవ్వొచ్చింది. అచ్చం భార్య వెటకారమే. అది ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇన్నేళ్ళకి తెలిసింది.

"మళ్ళీ విప్పి కట్టడానికి ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగింది ఆవిడ.

నిజానికి సాయంత్రానికల్లా అయిపోతుంది. "చాలా రోజులే పట్టొచ్చు," అన్నాడు, ఆవిడ మొహంలోకి చూడకుండా. ఆ అబద్ధం తనకే నచ్చలేదు. "అయిపోయినా వెళ్ళకండి అత్తయ్యగారూ. మీరు నాకేమవుతారో చెప్పడం నాకు రాదు. మీరు వెళ్ళిపోతే ఈ ఇంట్లో మీ అమ్మాయి చిన్నప్పటి సంగతులు చెప్పే మనిషి ఉండదు."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"మీ బావమరిదికి మీరే ఫోన్ చెయ్యండి," అంది చివరికి. "నేను చెబితే పోట్లాడతాడు. మీరంటే వాడికి కాస్త భయం."