గొడ్ల కొట్టానికి పసుపు గడప

నేను ఒక గడపను. వేప గడపను. అందరూ దాటిపోయేదాన్ని, ఎవరూ పలకరించనిదాన్ని. గడప తొక్కితే పాపమని పిల్లలకు చెప్తారు. గడప అవతల నిలబెట్టిన మనిషిని తొక్కితే మాత్రం ఏ పాపమూ అంటుకోదు కాబోలు. ఆ మాట ఎవరూ చెప్పగా నేను వినలేదు.

నేను పుట్టింది అనంతపురం పక్క ఒక చీనీతోటలో, అంటే బత్తాయి తోటలో. బావి గట్టున వేపమాను గాలివానకు కూలిపోతే ఆచారి దాన్ని కోసి, బాడిసెతో చెక్కి, చిత్రిక పట్టి నన్ను చేశాడు. తోట యజమాని మిద్దెకు నన్ను పెట్టారు. పసుపు రాశారు, కుంకుమబొట్లు పెట్టారు, టెంకాయ కొట్టారు. మానును ఈడ్చుకొచ్చిన కూలీలు మాత్రం టెంకాయ ముక్క కోసం వాకిట్లో నిలబడ్డారు.

ఆ కూలీల్లో ఓబులమ్మ ఒకతె. తోటలో పాదులు తవ్వేది, కాయలు కోసేది, మిద్దె వాకిలి ఊడ్చేది. ఆమె చీపురు నా దాకా వచ్చి ఆగిపోయేది. అన్నం పెట్టినా అవతలే నిలబెట్టి, పైనుంచి వేసేవాళ్ళు. ఆమె ఊడ్చిన వాకిట్లో నడిచొచ్చిన వాళ్ళంతా నన్ను దాటి లోపలికి పోయేవాళ్ళు. నేను జానెడు ఎత్తు కూడా ఉండను. ఆమెకు మాత్రం కోటగోడనయ్యాను.

ఏండ్లు గడిచి ఆ మిద్దెకు కొత్త సోకులొచ్చాయి. నల్లరాతి గడప తెచ్చి, నన్ను పీకి పెంటదిబ్బ పక్కన పారేశారు. "కట్టెలకు తీస్కపో" అని ఓబులమ్మ మొగుడు కుళ్ళాయప్పకు చెప్పారు. అతను గొడ్డలి ఎత్తేసరికి ఓబులమ్మ అడ్డం పడింది.

"పొయిలో పెట్టేకి నీకు ఇదే దొరికిందా? ఇన్నేండ్లు దీన్ని దాటనీక నన్ను బయట నిలబెట్టినారు. ఇప్పుడు నేను దాటాల. మనింటికి పెడదాం రా."

"యాడుంది మే మనకు ఇల్లు?" అన్నాడు కుళ్ళాయప్ప.

నిజమే. ఇల్లెక్కడుంది? స్థలం మాత్రం ఉంది. మిద్దెలోని ముసలి యజమానురాలు కన్నుమూసే ముందు మనసు కరిగి, తన తోటలో పనిచేసే మూడు కుటుంబాలకు తోట చివర కొంచెం నేల రాసిచ్చింది. కానీ అది సాగుభూమి. సాగుభూమిలో ఇల్లు కట్టాలంటే అనుమతి కావాలి. పంచాయతీ సెక్రటరీ వాళ్ళ మీద జాలిపడి ఉపాయం చెప్పాడు.

"ఆ తిరుగుడంతా మీకెందుకప్పా? కొట్టమని రాసుకుంటా. గొడ్ల కొట్టానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు."

మా సీమలో గొడ్లుండేదీ కొట్టమే, కూలోడు ఉండేదీ కొట్టమే. ఓబులమ్మ పుట్టింది కొట్టంలో, కాపురానికొచ్చింది కొట్టంలోకి. ఆమెకు అందులో తప్పేమీ వినబడలేదు. "మాది కొట్టమే కద సామీ" అని తలూపి వచ్చింది. ఆ ఒక్క మాట మెడకు ఉచ్చులా బిగుసుకుంటుందని ఎవరనుకున్నారు?

ఎద్దుకు నీడ కావాలంటే ఎవరినీ అడగక్కర్లేదు. ఎద్దు వెనక నడిచే మనిషికి నీడ కావాలంటే మాత్రం మండలం ఒప్పుకోవాలి, జిల్లా ఒప్పుకోవాలి, ఆ పైన ఇంకెవరో ఒప్పుకోవాలి. ఈ రూలు రాసినవాడికి తలకాయ ఉందో లేదో నాకు తెలియదు. నాకైతే లేదు. అయినా ఇంత ఘోరమైన ఆలోచన నాకు తోచదు.

మట్టిగోడలు లేచాయి. పైన బోదగడ్డి కప్పారు. నన్ను పెట్టిన నాడు ఓబులమ్మ నన్ను దాటి లోపలికి పోయింది, బయటికొచ్చింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. "పిచ్చి లేసిందేమో" అని కుళ్ళాయప్ప నవ్వాడు. ప్రతి శుక్రవారం నాకు పసుపు రాసేది. మిద్దెలో ఎన్నడూ అంత మందంగా రాయలేదు.

తర్వాత అగచాట్లు మొదలయ్యాయి. కరెంటు అడిగితే "గొడ్లకు లైటెందుకు?" అన్నారు. మరుగుదొడ్డి అడిగితే నవ్వారు. పక్క కొట్టంలో ఉండే మాబున్ని కిరసనాయిలు బుడ్డి వెలుతురులోనే బిడ్డను కనింది. ఇంతలో తోట చేతులు మారింది. కొత్త ఆసామికి కూలీలు కావాలి గానీ, వాళ్ళ కొట్టాలు కంటికి కనబడకూడదు. ఫిర్యాదు పెట్టాడు. ఉత్తర్వు వచ్చింది. ఏమనో తెలుసా? కొట్టాల్లో గొడ్లు లేవట, కాబట్టి పడగొట్టాలట! మనుషులున్నారన్న సంగతి ఎవరికీ పట్టలేదు.

మూడు కుటుంబాలూ కాయకోత ఆపేసి మండలాఫీసు ముందు ఎండలో కూర్చున్నాయి. పక్క తోటల కూలీలూ వచ్చి చేరారు. చెట్లమీద కాయ రాలిపోతుంటే అప్పుడు కదిలింది ఆఫీసు. ఒక అధికారి వచ్చి చూస్తాడన్నారు. కాపురాలని తేలితే ఇళ్ళకు అనుమతి. వట్టి కొట్టాలని తేలితే జేసీబీ.

శుక్రవారం ఉదయం సారు వచ్చాడు. జేసీబీని కూడా వెంటే తెచ్చుకున్నాడు. తీర్పు ముందే జేబులో పెట్టుకొచ్చాడన్నమాట. "ఆ, గొడ్ల కొట్టాలే, ఎంతసేపు" అని ఫోనులో ఎవరితోనో అంటున్నాడు. ఓబులమ్మ అప్పుడే నాకు పసుపు రాసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ, "లోపలికొచ్చి చూడండి సార్" అంది.

సారు నా దాకా వచ్చాడు. పసుపు చూశాడు. ఫోను చెవి దగ్గరే ఉంది. ఒక కాలితో ఇంకో కాలి మడమ తొక్కి బూటు విడిచాడు. రెండోదీ విడిచాడు. కుడికాలు ముందు పెట్టి నన్ను దాటాడు.

పక్కవాకిట్లో నుంచి మాబున్ని గొంతు ఖంగుమంది. "అక్కా, సూడు! సారు బూట్లిడిసినాడు!"

ఓబులమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఏం సార్, మీ పక్క గొడ్ల కొట్టంలోకి పోయేకి బూట్లిడుస్తారా?"

సారు తన మేజోళ్ళకేసి చూసుకున్నాడు. "అలవాటమ్మా" అన్నాడు.

"యాడ అలవాటు సార్? కొట్టంలోనా, ఇంట్లోనా?"

"...ఇంట్లో."

"అదే రాసుకోండి."

జేసీబీ డ్రైవరు పకపకా నవ్వాడు. "సాచ్చాలు ఈడనే ఉండాయి సార్, రెండూ నల్లవే" అని కుళ్ళాయప్ప బూట్లు చూపించాడు. చివరికి సారు కూడా నవ్వక తప్పలేదు. కాపురమనే రాశాడు. జేసీబీ వెనక్కి తిరిగి పోతుంటే, హమ్మయ్య, నాలో బిగుసుకున్న నారంతా ఒక్కసారిగా వదులైనట్టయింది.

ఒక జత బూట్లే ఇదంతా చేశాయని అనుకోకండి. వాళ్ళు ఎండలో కూర్చోకపోయుంటే ఆ బూట్లు మా వాకిటి దాకా వచ్చేవే కావు.

అనుమతి వచ్చింది. ఇటుకగోడలు లేచాయి, పైన స్లాబు పడింది, గోడకు కరెంటు మీటరు వచ్చింది. "రాతి గడప వేద్దాం, నున్నగుంటాది" అన్నాడు మేస్త్రీ. ఓబులమ్మ అతన్ని చూసిన చూపుకు మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. నన్నే పెట్టాడు.

నిన్న సాయంత్రం ఓబులమ్మ పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నేరుగా వచ్చి నా మీదే కూర్చుంది. కాళ్ళు బారజాపుకుని కూర్చుంది.

"అక్కా, గడప మింద కూచుంటారా ఎవరన్నా?" అని మాబున్ని గదిమింది.

"నిలబడింది సాల్లే" అంది ఓబులమ్మ.

కూర్చోనీ. నాకేం బరువు తెలియలేదు.