బాండు అందుకున్న మనిషి

రెండో దెబ్బకు నారాయణ ఎడమ చెయ్యి విరిగింది. ఆ చప్పుడు పక్కనున్న అరటిపండ్ల బండివాడికి కూడా వినపడింది. వాడు బండిని వెనక్కి లాక్కున్నాడు. ప్రొద్దుటూరు బస్టాండు బయట, పట్టపగలు పదకొండు గంటలు. ఆటోవాళ్లు చూడనట్టు అటు తిరిగి నిలబడ్డారు.

ఇనుపరాడ్డు పట్టుకున్నవాడు అభిలాష్. నారాయణ ఊరివాడే. ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న పెద్దాయన కారు నడుపుతాడు.

"సంచి ఇయ్యి మామా. ఆ బాండు ఇచ్చేసి మల్లా బస్సెక్కు."

"సంచిలో సద్ది ఉందిరా," అన్నాడు నారాయణ నేలమీద కూర్చునే. "వంకాయ కూర. తింటావా?"

అభిలాష్ డొక్కలో తన్ని సంచి లాక్కుని దులిపాడు. టిఫిను డబ్బా, తువ్వాలు, మాత్రల చీటీ రాలాయి. బాండు లేదు. అది అతని పెళ్లాం రాజమ్మ నడుముకు కట్టుకున్న గుడ్డలో ఉంది. మొదటి దెబ్బకే నారాయణ "పోమ్మే, ఎనక్కి సూడొద్దు" అని అరిచాడు. ఆమె అప్పటికే ఆటో ఎక్కేసింది.

నిరుడు జమ్మలమడుగు దగ్గర నాపరాయి గనిలో బండ కూలి వాళ్ల కొడుకు శివ చచ్చిపోయాడు. గని యజమాని రెండు లక్షలు చేతిలో పెట్టి కేసు లేకుండా చేసుకున్నాడు. రోజుకు మూడు వందల కూలికి పులివెందుల చీనీతోటల్లో బత్తాయిలు కోయబోయే మొగుడూ పెళ్లాలకు అంత డబ్బు దాచుకోవడం తెలియదు. పెద్దాయన పిలిపించాడు. "బ్యాంకులో ఏస్తే ఏమొస్తాది? నా కాడ అయిదేండ్లకు రెండింతలైతాది," అన్నాడు. ఆయన చూపించిన చోటల్లా రాజమ్మ వేలిముద్ర వేసింది.

అది డిపాజిట్టు కాదు, ఇన్సూరెన్సు పాలసీ. ఏటా రెండు లక్షలు కట్టాలి. రెండో ఏడు కట్టలేకపోతే మొదటి సొమ్ము కూడా మునిగిపోతుంది. ఏజెంటుగా ఆయన కోడలి పేరు రాసి ఉంది. కమీషను మాత్రం ఆయన జేబులోకి పోయింది.

ఆ ఊళ్లో టపా ఎవరి గడపకూ రాదు. పోస్టుమాను మొత్తం తెచ్చి పెద్దాయన అరుగుమీద పెట్టిపోతాడు. పింఛను కాగితమైనా, కోర్టు నోటీసైనా ఆయన ఇవ్వదలిస్తే ఇస్తాడు. తాతలనాటి నుంచీ అంతే. నెల కిందట ఆయన ఇంట్లో గదులు కడగబోయిన రాజమ్మకు బియ్యం బస్తాల వెనక పాలసీ బాండ్ల కట్ట కనిపించింది. ఆమెకు చదువు రాదు. అయితే పైనున్న బాండుమీద తన ఫోటో ఉంది. దాన్ని నడుముగుడ్డలో దాచుకుని తెచ్చేసింది.

నిన్న జిరాక్సు అంగడి ఇష్రత్ దాన్ని చదివి అదిరిపడింది. "పెద్దమ్మా, బాండు చేతికొచ్చిన ముప్పై దినాల్లో వద్దని రాసిస్తే దుడ్లు ఎనక్కి ఇస్తారు. నీకు రేపే ఆఖరు!"

ఆ రేపు ఈరోజే.

ప్రొద్దుటూరు ఇన్సూరెన్సు ఆఫీసులో మేనేజరు వనిత కంప్యూటరు చూసి తల అడ్డంగా ఊపింది. "నాలుగు నెలల కిందటే మీకు అందిందమ్మా. సంతకం కూడా ఉంది."

"నాకు సంతకం యాడొస్తాది తల్లీ? నాది ఏలిముద్ర."

వనిత మళ్లీ చూసింది. తెరమీద చక్కటి గొలుసుకట్టు సంతకం. ఆమె ముఖం మారింది. "అయితే ఎవరు తీసుకున్నారో చెప్పండి, రాసుకుంటాను. అది నిజమని తేలితే మీ చేతికొచ్చిన రోజు నుంచే లెక్కేస్తారు. పేరు లేకపోతే ఫిర్యాదు నిలవదు."

"పెద్దాయన."

"ఊరికొక పెద్దాయన ఉంటాడమ్మా. పేరు కావాలి."

రాజమ్మ తలుపు వైపు చూసింది. ఆ పేరు ఊళ్లో ఎవరూ పలకరు. పిల్లలకు కూడా పెట్టుకోరు. పదేళ్ల కిందట పంచాయతీలో పేరుపెట్టి నిలదీసిన రామయ్యకు మరుసటి దినమే రెండు కాళ్లూ పోయాయి. ఇప్పుడు చక్రాల పీటమీద కూర్చుని బీడీలమ్ముతున్నాడు.

అద్దాల తలుపు దడాలున తెరుచుకుంది. అభిలాష్ నారాయణను మెడపట్టి లోపలికి తోశాడు. నెత్తురు పాలరాతి మీద చారలు కట్టింది. వెనకే తెల్లచొక్కాలో పెద్దాయన. గుమాస్తాలు లేచి నిలబడ్డారు. వాకిట్లోని గార్డు నమస్కారం పెట్టాడు.

ఆయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "ఏం రాజమ్మా, నన్నడిగింటే నేనే ఇప్పిచ్చేవాణ్ని గదా. ఈ ముసిలోనికి దెబ్బలు తినిపిస్తివే!" వనిత వైపు తిరిగాడు. "కొడుకు పోయినప్పటి నుంచి ఈయమ్మకు మతి లేదు మేడమ్. ఆ ఫిర్యాదు కాగితం చించేయండి."

వనిత కలం ఆగింది, కానీ కింద పెట్టలేదు. "ఆమె చెప్పనీయండి సార్."

"చెప్పనీ. ఎవురు తీసుకున్న్యారు రాజమ్మా? నాకూ ఇనాలనుంది."

అభిలాష్ రాడ్డు కొన నారాయణ విరిగిన చేతిమీద ఆనించి నొక్కాడు. నారాయణ కేక ఆఫీసంతా మోగింది. వరుసలో ఉన్నవాళ్లు గోడకు అతుక్కుపోయారు.

"వద్దు, నొక్కొద్దు!" రాజమ్మ రెండు చేతులూ జోడించింది.

నారాయణ రొప్పుతూ తలెత్తాడు. నోటినిండా నెత్తురు. "దండం యాలమ్మే పెడతావు? చెప్పు. ఇంగొక చెయ్యి ఉంది గదా నాకు."

రాజమ్మ జోడించిన చేతులు విడదీసింది. గుడ్డ విప్పి బాండు బల్లమీద పెట్టింది. ఫోటోలో ఆమె, కొడుకు పోయిన మూడోవారం నాటి ముఖంతో చూస్తోంది. ఆమె పెద్దాయన ముందుకు పోయి నిలబడింది. పుట్టినప్పటి నుంచి ఆయన కాళ్లు తప్ప ముఖం చూసి మాట్లాడి ఎరగదు. ఇప్పుడు కళ్లలోకి చూసింది.

"రాసుకో తల్లీ," అంది. "నా బాండు తీసుకున్న్యోడు, నా కొడుకు పానం ఖరీదు మింగినోడు ఈడే కూసున్న్యాడు."

"పేరమ్మా," అంది వనిత.

"గుండ్లూరి బయపరెడ్డి."

పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు. రాజమ్మ అడుగు వెనక్కి వేయలేదు. వాకిట్లో నిలబడ్డవాళ్లకు కూడా వినపడేట్టు, గుక్క తీసుకుని మళ్లీ అరిచింది.

"బయపరెడ్డి!"