ఒకే గంపలో కర్రి, మచ్చ

ఇలా దగ్గరికి జరగండి పిల్లలూ, ఆ ఫోను కాసేపు అవతల పెట్టండి. మన దర్శి పక్కనే జరిగిన కుక్కపిల్లల సంగతి ఇది.

వెంకటరావమ్మకు రెండెకరాల మిరప తోట ఉంది. కోసిన కాయను కళ్లంలో ఆరబోస్తే కాపలా కాసే ముసలి కుక్క ఒక ఏడు వానాకాలంలో చచ్చిపోయింది. కొత్తదాని కోసం ఆమె చిలకలూరిపేటలో జిన్నింగు మిల్లులో పనిచేసే చెంచయ్య ఇంటికి వెళ్లింది. అక్కడ ఒకే ఈతలో పుట్టిన నాలుగు పిల్లలున్నాయి. ఒక్కదాన్నే తెస్తే తల్లి కోసం ఏడుస్తుందేమోనని రెండు తెచ్చుకుంది. ఒళ్లంతా నల్లగా ఉన్నది కర్రి. చెవి మీద తెల్లమచ్చ ఉన్నది మచ్చ.

కొత్తగా కోడిని తెచ్చినా కుక్కను తెచ్చినా రోలు చుట్టూ మూడుసార్లు తిప్పితే ఇల్లు వదిలిపోదని ఆమె అత్తగారు చెప్పేది. విడివిడిగా తిప్పే ఓపిక లేక, వెంకటరావమ్మ రెండింటినీ ఒకే గంపలో పెట్టి తిప్పేసింది. ఆ గంపే వాటికి పడక, ఒకే సత్తు పళ్లెంలో కూడు.

అవి ఏడవలేదు, నిజమే. కానీ మనుషుల్నీ పట్టించుకోలేదు. "కర్రీ" అని పిలిస్తే కర్రి మచ్చ మొహం చూసేది. మచ్చ నాలుగడుగులు అవతలికి వెళితే చాలు, కర్రి వణికిపోయి కుయ్యోమనేది.

జనవరిలో మొదటి కోత అయింది. కాయ పరిచి, కుక్కల్ని కళ్లం దగ్గర వదిలి వెంకటరావమ్మ సద్ది తినడానికి వెళ్లింది. తిరిగొచ్చేసరికి ఆ ఊరి మేకల కాపరి మాబు సాహెబ్ మేకలు ఎర్రటి కాయల మీద నిలబడి నములుతున్నాయి. ఆ పక్కనే కుక్కలు ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఆడుకుంటున్నాయి.

మాబు సాహెబ్ కర్ర ఊపుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "తప్పయిపోయింది చెల్లెమ్మా! అయినా నీ కుక్కలు నా మేకలకి మర్యాద బాగా చేశాయి."

"నవ్వబాక సాయిబన్నా, నాకు కడుపు మండిపోతోంది. రెండుంటే రెట్టింపు కాపలా అనుకున్నా."

"ఒక ఈత పిల్లల్ని ఒకచోట పెంచితే ఇంతేనమ్మా. వాటికి అవే లోకం. నువ్వు కూడు పెట్టే మనిషివి, అంతవరకే. మా నాయన మందకి ఎప్పుడూ వేరే వేరే ఈతల కుక్కల్నే పెట్టేవాడు. విడదియ్యి. కూడూ పడకా అన్నీ వేరు చెయ్యి."

ఇంటికొస్తే కొడుకు నాగేంద్రబాబు ఒక్క మాటలో తేల్చేశాడు. "రెండింటినీ చీమకుర్తి లారీ ఎక్కిస్తానమ్మా. క్వారీలో ఎవరో ఒకరు పెంచుకుంటారు."

"ఒరేయ్, రెండో కోతదాకా ఆగరా. అప్పటికీ ఇంతేనైతే నేనే ఎక్కిస్తా."

మచ్చను ఇంట్లో కోడలు అఖిలకు అప్పగించి, కర్రిని తోటలో పాక దగ్గర కట్టేసింది. కర్రి మూడు రోజులు మెతుకు ముట్టలేదు. గొంతు పోయేదాకా అరిచింది. వెంకటరావమ్మ రెండుసార్లు తాడు విప్పబోయి ఆగిపోయింది. నాలుగోరోజు మధ్యాహ్నం మజ్జిగన్నం కలిపి పెట్టి, దాని పక్కనే కూర్చుంది. కర్రి ఆమె చెయ్యి వాసన చూసింది. అన్నం తింది. తిని, మొట్టమొదటిసారి కళ్లెత్తి ఆమె మొహంలోకి చూసింది. మర్నాటి నుంచి ఆమె సాలు వెంట సాలు కలుపు తీస్తుంటే వెనకే నడిచింది.

ఒకరోజు ఆమె కర్రిని ఇంటికి తెచ్చి, ఎత్తుకుని రోలు చుట్టూ తిప్పింది. అఖిల పగలబడి నవ్వింది. "అది మేకంత అయింది అత్తయ్యా, నడుం పట్టేస్తుంది!"

"అప్పుడు గంపని తిప్పాను గదే, కుక్కని తిప్పలేదు," అంటూ ఆయాసపడుతూనే మచ్చనూ తిప్పింది.

మార్చిలో రెండో కోత. కాయ పరిచి, వెంకటరావమ్మ పాక నీడలో కూర్చుంది. నాగేంద్రబాబు కూడా చూద్దామని వచ్చాడు. మాబు సాహెబ్ మేకలు అలవాటుగా గట్టు దిగాయి. కర్రి లేచింది. పక్కన మచ్చ లేదు. ఒక్క క్షణం వెనక్కి తిరిగి వెంకటరావమ్మను చూసింది.

"ఊఁ," అంది ఆమె.

అంతే, మేకలకు అడ్డంపడి మొరిగింది చూడండి, మందకి మంద గట్టెక్కేసింది. "నేనే తోలుకుపోతాలేరా, నన్ను కరవబాక!" అంటూ మాబు సాహెబ్ తానూ గట్టెక్కాడు.

నాగేంద్రబాబు మళ్లీ లారీ మాట ఎత్తలేదు. సాయంత్రం కాసేపు కుక్కలు రెండూ కలిసి ఆడుకుంటాయి, తర్వాత దేని కూడు దగ్గరికి అది పోతుంది.

ఎవరైనా ఒకే ఈత పిల్లల్ని రెండు తెచ్చుకుంటుంటే వెంకటరావమ్మ గంప సంగతి గుర్తుపెట్టుకుని చెప్పండి. రోలు దగ్గర ఆమె అన్న మాట మాత్రం వదలకండేం.